పరుపులాయన ఎక్కిళ్ళు

పొద్దున్నే షట్టరెత్తి, షెడ్డు ఊడ్చి, స్పానర్లన్నీ చిన్నా పెద్దా వరసలో పేర్చింది స్పానరమ్మ. ముప్పయ్యేళ్ళుగా ఇదే తంతు. రేపటి నుంచి ఉండదు. సాయంత్రం కూతురొచ్చి, షెడ్డు తాళాలు యజమానికి అప్పగించి, తల్లిని తన దగ్గరికి తీసుకుపోతుంది.

"ఓపిక తగ్గిపోయిందే" అని కూతురికి చెప్పింది గానీ, అది వట్టి మాట. ఓపిక గుర్రంలా ఉంది. పోయింది చెవులు. మనుషుల మాటలైతే పెదాలు చూసి పట్టేస్తుంది. ఇంజన్లకు పెదాలుండవు కదా! మొన్నామధ్య ఓ కారు చప్పుడు అంతుబట్టక, బాగున్న సామానే విప్పి మార్చేసింది. ఆ సిగ్గుతో రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఇవాళ ఎవరూ రాకపోతే బాగుండును అనుకుంటుండగానే ఓ పాత పికప్పు కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. వెనకాల పరుపుల గుట్ట. ముందు సీట్లో యాభై దాటిన మనిషి, ఒకటే ఎక్కిళ్ళు.

"మూడు షెడ్లు తిరిగానక్కా... హిక్! ప్లగ్గులు మార్చారు... హిక్! ఫిల్టరు మార్చారు. మిస్సవడం మాత్రం... హిక్!"

పక్క దుకాణం టైలరు జాలిపడి చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చాడు.

"వద్దు బాబూ. ఇంజను ఓ దెబ్బ తప్పి మిస్సయినప్పుడల్లా నాకు ఎక్కిలొస్తుంది. నీళ్ళకు తగ్గేవి కావు."

"అలాగా" అని ఆ నీళ్ళు తనే తాగేసి వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు టైలరు.

స్పానరమ్మ మాత్రం కదల్లేదు. ఎక్కిలి వచ్చినప్పుడల్లా ఆయన గుండె మీది జేబు ఎగిరిపడుతోంది. ఇది వినక్కర్లేదు, చూస్తే చాలు!

"ఇంజను ఆపకు తమ్ముడూ, సీట్లోనే ఉండు" అని బానెట్ ఎత్తి, రబ్బరు తొడుగులు వేసుకుంది. మొదటి సిలిండరు ప్లగ్గు వైరు పీకింది. ఎక్కిళ్ళు రెట్టింపయ్యాయి. పెట్టేసి రెండోది పీకింది. పాపం, ఊపిరాడక ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. మూడోది పీకితే తేడా ఏమీ లేదు. అంటే ఆ సిలిండరు ముందే పడకేసిందన్నమాట.

ఇంజను ఆపించి, మూడో దాని ప్లగ్గు రెండో దాంట్లోకి మార్చి చూసింది. జబ్బు మూడోదాన్నే అంటిపెట్టుకుని ఉంది, అంటే తప్పు ప్లగ్గుది కాదు. మళ్ళీ ఆపించి వైరు మొత్తం బయటికి లాగితే, సైలెన్సరు గొట్టానికి తగిలే వైపు గోరంత మేర కాలి నల్లబడింది. నిప్పురవ్వ ప్లగ్గు దాకా పోకుండా అక్కడే ఇనుములోకి జారిపోతోంది. కొత్త వైరు వేసి, గొట్టానికి తగలకుండా కట్టింది.

స్టార్టు చేశాడు. జేబు ఎగరలేదు. ఆయన ఎందుకైనా మంచిదని ఇంకాసేపు ఊపిరి బిగబట్టి, తర్వాత పెద్దగా నవ్వేశాడు.

"ఎలా పట్టావక్కా? చెవి కూడా పెట్టలేదు!"

"నాకు వినపడదు తమ్ముడూ" అంది. ఆ మాట నోటితో అనడం ఇదే మొదలు. అన్నాక చూసుకుంటే పెద్ద బరువుగా ఏమీ లేదు. "వేరే బళ్ళెక్కినా నీకింతేనా?"

"చిన్నప్పటి నుంచీ అంతే. బస్సెక్కితే దించేసేవాళ్ళు. ఈ పరుపులు మోసి మోసి నడుం విరిగింది గానీ, లేకపోతే నాకు బళ్ళతో పనేంటి!"

స్పానరమ్మ టైలరు స్కూటరు అడిగింది. "నా బండికేం, బంగారంలా ఉంది" అన్నాడు టైలరు. పరుపులాయన ఎక్కి స్టార్టు చేసి, పదంకెలు లెక్కపెట్టేలోగా చిన్నగా ఓ ఎక్కిలి పెట్టాడు. ప్లగ్గు విప్పితే మసి పట్టి ఉంది. టైలరు నోరెళ్ళబెట్టాడు.

సాయంత్రం కూతురొచ్చేసరికి షెడ్డు ముందు మూడు బళ్ళున్నాయి. ఎవరిదో కారులో కూర్చుని ఒకాయన ఎక్కిళ్ళు పెడుతున్నాడు. తల్లి బానెట్ కింద నుంచి తలెత్తి ఆయన చొక్కా జేబు కేసి చూస్తోంది.

కూతురు భుజం తట్టింది. "ఎవరమ్మా ఆయన?"

"మీ మావయ్య. ఇవాళే దొరికాడు. చెవుల పనికి పెట్టుకున్నాను."

"చెవుల పనేంటి?"

స్పానరమ్మ చేతులు తుడుచుకుంది. "నాకు వినపడటం లేదే. ఆర్నెల్లయింది."

 కూతురు వెలుతురు తన ముఖాన పడేలా జరిగి నిలబడి, ఒక్కో మాటా విడిగా పలికింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా. నువ్వు పని చూసుకో. యజమానికి నేను చెబుతాలే."