చాటుగా పెట్టిన అరటిపండు

ఇంట్లో పెంచుకునే కుందేలు ఎప్పుడూ కోడలి వెంటే తిరగడం అత్తగారికి కంట్లో నలుసైంది. కోడలు రోజూ దానికి ఎండుగడ్డి పెట్టేది. గూట్లో పెంటికలు గుండ్రంగా, గట్టిగా పడుతున్నాయో లేదో వంగి మరీ చూసుకునేది.

"గడ్డి పెట్టిన చేతికే ఇంత మాలిమా! చూద్దాం," అనుకుని అత్తగారు చాటుగా అరటిపండు ముక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఇక కుందేలు ఆవిడ అడుగుల చప్పుడు వింటే చాలు, పరుగెత్తుకొచ్చేది. ఆవిడకు ఏనుగెక్కినంత సంబరం.

ఓ పొద్దున అది మూలన ముడుచుకుపోయింది. గడ్డి ముట్టలేదు. గూట్లో ఒక్క పెంటికైనా లేదు.

ఇద్దరూ దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పొట్ట తడిమి, "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగాడు.

"గడ్డేనండీ, ఇంకేమీ పెట్టను," అంది కోడలు ఏడుపు గొంతుతో.

అత్తగారు కోడలి వైపు చూసింది. చెబితే కోడలి ముందు లోకువ. చెప్పకపోతే, కుందేలు తనకు దక్కకుండా పోతుంది.

"అరటిపండు నేనే పెట్టాను బాబూ. రోజూ పెట్టాను."

కోడలు తెల్లబోయింది. "నాతో పోటీయా అత్తయ్యా?"

"మరి? అది నా మొహమైనా చూసేది కాదు!"

తీపి ఎక్కువై పేగు కదలడం మానేసిందని చెప్పి, డాక్టరు మందు పట్టించి, పొట్ట మెల్లగా నిమరమన్నాడు; పెంటిక పడితే గండం గడిచినట్టేనన్నాడు. ఇంటికొచ్చి ఇద్దరూ వంతులేసుకుని నిమిరారు. సాయంత్రానికి, అత్తగారి ఒళ్ళో ఉండగా, కుందేలు చిన్న పెంటిక వేసింది.

ఆవిడ చీర దులుపుకోలేదు.

"చూశావటే," అంది కోడలితో, "నా ఒళ్ళోనే వేసింది!"