మడమ తట్టే చెయ్యి

పిచ్చుకకు ఎత్తంటే భయం, చీకటంటే భయం. ఆ రెండూ చాలవన్నట్టు ఈ మధ్య మూడో భయం ఒకటి వచ్చిపడింది. దాని పేరు జిరాఫీ. జిరాఫీ అంటే అడవిలో ఆకులు మేసేది కాదు, ఒకటో తరగతి నుంచి పక్కనే కూర్చున్న ప్రాణ స్నేహితురాలు. ఆ పిల్ల పొడుగు చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. పక్కన గుప్పెడంత ఉండే దీనికి పిచ్చుక అని పెట్టారు. హాజరు పిలిచేటప్పుడు తప్ప బడిలో వాళ్ళ అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు.

ఇద్దరికీ చెడింది నాటకం దగ్గర. లెక్కల మాస్టారు రాసిన నాటకం అది. గడియారాలు బాగుచేసుకునే ఒక తండ్రి, అతనికి ఒక్కగానొక్క కూతురు. ఊరు దాటి వెళ్ళి పాట నేర్చుకుంటానని కూతురు, గడప దాటావంటే నీ ముఖం చూడనని తండ్రి. ఒక రాత్రి గడియారం పన్నెండు కొట్టాక, మేడ మీద నిలబడి నిద్రపోతున్న తండ్రికి సెలవు చెప్పుకుని ఆ పిల్ల వెళ్ళిపోతుంది. దీపాలు ఆరిపోతాయి. మళ్ళీ వెలిగేసరికి తెల్లవారి ఉంటుంది, మేడ ఖాళీ. ఆ ఖాళీ మేడను చూస్తూ తండ్రి చెప్పే నాలుగు మాటలతో నాటకం సమాప్తం. మాస్టారి పంచప్రాణాలూ అక్కడే ఉన్నాయి. "ఆ ఖాళీయే నా నాటకమర్రా" అని రిహార్సల్ జరిగినప్పుడల్లా అనేవారు.

కూతురి వేషం మొదట జిరాఫీదే. మాటలన్నీ కంఠతా పట్టేసింది. వాళ్ళమ్మ దగ్గర కూర్చుని నీలం గౌను కుట్టించుకుంది. తీరా వేదిక మీద మేడ కట్టి పైకి ఎక్కిస్తే, తల వెళ్ళి పైన వేలాడదీసిన తెర వెనక దూరింది. ముందు వరసలో కూర్చున్న మాస్టారికి కూతురు మెడ దాకానే కనబడింది. మోకాళ్ళు కాస్త వంచి నిలబడమన్నారు. అలా నిలబడి ఆ పిల్ల తండ్రికి సెలవు చెబుతుంటే హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. మర్నాడు వేషం పిచ్చుకకు వచ్చింది. గౌను అంచు లోపలికి మడిచి కుట్టి, జిరాఫీ వాళ్ళమ్మే పంపించింది.

పిచ్చుక చేసిన తప్పల్లా ఒకటే. "నీ వేషం నాకిచ్చారే, నేనేం చెయ్యను?" అని స్నేహితురాలి దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అనలేదు. రేపు అందాం, ఎల్లుండి అందాం అనుకుంటూ ఊరుకుంది. ఊరుకున్న కొద్దీ ఆ మాట బరువెక్కింది. చివరికి నడవాలో ఎదురుపడితే ఇద్దరూ చెరో గోడ చూసుకుంటూ పోయే దాకా వచ్చింది వ్యవహారం.

అది అలా ఉండగా మేడ దిగే గొడవ ఒకటి. మేడంటే ఏముంది, తరగతి గదుల్లోని బల్లలు మూడేసి ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్ళతో బిగించారు, పైన చెక్కలు పరిచి ముందు రంగు గుడ్డ కట్టారు. వెనక కటకటాలూ లేవు, గోడా లేదు. కరెంటాయన నిచ్చెన ఒకటి ఆనించి ఉంటుంది, అంతే. దీపాలు ఆరగానే పిచ్చుక వెనక్కి నడిచి, అంచున నిలబడి, ఒక కాలు గాలిలోకి చాచాలి. కింద ఉన్న మనిషి మడమ మీద రెండుసార్లు తట్టాలి. తట్టిందంటే నిచ్చెన ఉంది, పట్టుకుని ఉన్నాను, దిగు అని అర్థం. తట్టకపోతే కదలకూడదు. తెర వెనక నోరు విప్పితే వీపు చీరేస్తానని మాస్టారు శాసనం చేశారు గనక ఈ ఏర్పాటు. ఆ తట్టే పనీ, గడియారం గంట కొట్టే పనీ ఆయన జిరాఫీకి అప్పగించారు. వేషం పోయిన పిల్ల చిన్నబుచ్చుకోకుండా ఏదో ఒకటి ఇవ్వాలి కదా అనుకున్నారు పాపం. లెక్కల మాస్టారే గానీ మనుషుల లెక్క ఆయనకు ఎప్పుడు తెలిసింది గనక!

ఆఖరి రిహార్సల్ నాడు తట్టడం ఆలస్యమైంది. ఎంతో సేపు కాదు, కానీ చీకట్లో ఒంటికాలి మీద నిలబడ్డ మనిషికి అది ఒక యుగం. చివరికి తట్టింది, పిచ్చుక దిగింది. ఉండబట్టలేక అడిగేసింది.

"రేపు పట్టుకుంటావుగా?"

"ఇవాళ పట్టుకున్నానుగా" అంది జిరాఫీ. తలైనా తిప్పకుండా వెళ్ళిపోయింది.

వేషం చేతులు మారాక ఆ ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాట అదే. పిచ్చుక దాన్ని ఇంటికి మోసుకెళ్ళింది. ఇవాళ పట్టుకున్నట్టే రేపూ పట్టుకుంటాననా? లేక ఇవాళ పట్టుకున్నదే ఎక్కువ, రేపటి సంగతి నీ ఖర్మ అనా? ఎటు తిప్పి చూసినా రెండోదే నిజమనిపించింది.

"అమ్మా, చీకట్లో ఎత్తు మీంచి వెనక్కి పడితే ఏమవుతుంది?" అని అడిగింది. తల్లి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి బయల్దేరుతూ జడ వేసుకుంటోంది.

"ఏమవుతుంది, నడుము విరుగుతుంది. వారానికొకరు వస్తారు అలాంటి వాళ్ళు. ఎందుకే?"

"ఊరికే."

తల్లి అద్దంలోంచి కూతురి ముఖం చూసింది. "జిరాఫీతో మాట్లాడవే ముందు. నోటి ముత్యాలేమీ రాలిపోవు."

మాట్లాడదామనే మర్నాడు పెందలాడే వెళ్ళింది పిచ్చుక. జిరాఫీ గంట దగ్గర నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళేసరికి నోరు పిడచకట్టుకుపోయి, "మంచినీళ్ళు ఎక్కడున్నాయి?" అని అడిగింది. జిరాఫీ వేలితో చూపించింది. అక్కడితో సరి.

హాలు నిండిపోయింది. తండ్రి వేషం వేసినవాడు తాతయ్య. వాడికి పదహారేళ్ళే గానీ నెత్తిన అప్పుడే తెల్లవెంట్రుకలు, అందుకని ఆ పేరూ ఆ వేషమూ. వాడు ఒక్క మాట తప్పలేదు. పిచ్చుకా తప్పలేదు. మేడ ఎక్కింది. అవతలి పక్క నుంచి జిరాఫీ గంట పన్నెండుసార్లు మోగింది. పిచ్చుక సెలవు మాటలు చెప్పింది.

దీపాలు ఆరిపోయాయి.

పిచ్చుక వెనక్కి నడిచి అంచు తగలగానే కాలు చాచింది. కింద గాలి తప్ప ఏమీ లేదు. ఆగింది. ఎవరూ తట్టలేదు. కాలు వెనక్కి తీసుకుని, మళ్ళీ చాచింది. మడమ మీద చెమట పట్టి చల్లగా ఉంది, అంతే.

"ఉన్నావా?" అంది, మాస్టారి శాసనం కూడా మరిచిపోయి.

జవాబు లేదు. పిచ్చుక పై ప్రాణాలు పైనే పోయాయి. అనుకున్నంతా అయింది, పగ తీర్చుకుంటోంది, రానే రాలేదు అనుకుంది. ఇంకొన్ని క్షణాల్లో దీపాలు వెలుగుతాయి. ఖాళీగా ఉండాల్సిన మేడ మీద కొయ్యబొమ్మలా తను నిలబడి ఉంటే ఊరంతా నవ్వుతుంది, మాస్టారు చంపేస్తారు. దిగుదామంటే నడుము విరుగుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి కంటే గొయ్యే నయమనిపించింది ఆ పిల్లకు. నిచ్చెన ఎలాగూ ఉంటుంది, పట్టుకునే మనిషి లేకపోతే పోయె అనుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, బరువంతా వెనక్కి వేయబోయింది.

రెండు చేతులు వచ్చి రెండు చీలమండలనూ పట్టేసుకున్నాయి.

కేక గొంతు దాకా వచ్చింది, ఎలాగో మింగింది. తట్టడం కాదు అది. ఉడుంపట్టు. కాలు లాక్కోబోతే ఆ చేతులు ఇంకా బిగిసి, గోళ్ళు దిగాయి. దిగనివ్వడం లేదు! నన్ను ఇక్కడే నిలబెట్టి నలుగురిలో నవ్వులపాలు చేయాలని చూస్తోంది. పిచ్చుకకు ఏడుపు తన్నుకొచ్చింది.

దీపాలు వెలిగాయి.

తాతయ్య కళ్ళు నులుముకుంటూ లేచాడు. "మేడ ఖాళీగా..." అంటూ పైకి చూశాడు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు ఒక్కొక్క వరసే ముందుకు పాకుతోంది.

"ఏమ్మా... వెళ్ళలేదా?" అన్నాడు.

పిచ్చుక దగ్గర మాటలేమీ మిగల్లేదు. నేర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి. లోపల ఉన్నది ఒక్క భయమే, అదే బయటికి వచ్చింది.

"భయమేసింది నాన్నా."

ఆ గొంతు విని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎందుకమ్మా భయం?"

"కింద ఏముందో కనబడలేదు. పట్టుకునేవాళ్ళు ఉన్నారో లేదో తెలియలేదు."

చీలమండల మీద చేతులు ఇంకాస్త బిగిశాయి. తాతయ్యకు ఏమీ తోచలేదు, కానీ హాలు మాత్రం ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది.

"అయితే తెల్లారిపోయిందిగా, ఇప్పుడు వెళ్దువుగాని. నేనే దిగబెడతాను" అన్నాడు చివరికి.

తెర పడింది. చప్పట్లకు చెక్కలు అదిరాయి.

"నీకు తృప్తిగా ఉందా?" అని పిచ్చుక గిరుక్కున వెనక్కి తిరగబోయింది. తిరగనిస్తేగా! మెడ మాత్రం తిప్పి కిందికి చూసింది. నిచ్చెన లేదు. అది ఉండాల్సిన చోట ఉత్త నేల, పక్కన తెరల కోసం పెట్టిన ఇనప స్టాండు. జిరాఫీ మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులూ పైకి చాచి, ముఖం బల్లకు ఆనించి ఉంది. మోచేతులు గడగడ వణుకుతున్నాయి.

"నిచ్చెన ఏదే?"

"వీధి గుమ్మం దగ్గర దీపం పోయిందని ఎవరో అంటుంటే విన్నాను, కరెంటాయన పట్టుకుపోయినట్టున్నాడు. నేను గంట కొట్టి వచ్చేసరికి లేదు. చీకట్లో తడుముతున్నాను, ఈలోగా నువ్వు కాలు..." ఆ పిల్ల మాట పూర్తి చేయలేకపోయింది.

"ఆగు అని ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటే ఆగేదానివా? నీ వేషం చెడగొట్టడానికే అంటున్నాననుకునేదానివి."

సరిగ్గా అదే అనుకుంది పిచ్చుక, ఇంతకుముందే, ఆ చేతులు తనను పట్టుకుని ఉండగానే.

"నా ఖాళీ! నా ఖాళీ ఏం చేశారర్రా?" అంటూ మాస్టారు లోపలికి పరిగెత్తుకొచ్చారు. కింద ఉత్త నేలనూ, పైన పిచ్చుకనూ, ఆ మధ్యలో సాగి నిలబడ్డ పొడుగు చేతులనూ చూశారు. చూసి అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డారు. ఇంకెవరిని ఆ పనికి పెట్టినా చెయ్యి అందేది కాదని ఆ లెక్క మాత్రం ఆయనకు వెంటనే తెలిసింది.

ఆ వెనకే కరెంటాయన నిచ్చెన భుజాన వేసుకుని నింపాదిగా వచ్చాడు. "అప్పుడే అయిపోయిందా నాటకం?" అంటూ ఆనించి తన దారిన పోయాడు.

జిరాఫీ చేతులు వదిలింది. చీలమండల మీద ఎర్రగా గోళ్ళ గుర్తులు. దీపాలన్నీ వెలుగుతున్నాయి, నిచ్చెన మెట్టు మెట్టూ కనబడుతోంది. అయినా పిచ్చుక కాలు వెనక్కి చాచి అలాగే నిలబడింది.

"దిగవే, ఉందిగా నిచ్చెన" అంది జిరాఫీ.

"నీ వేషం నాకిచ్చారే. అప్పుడే వచ్చి నీతో చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు."

కింద జిరాఫీ ముక్కు ఎగబీల్చడం వినబడింది.

"తట్టవే" అంది పిచ్చుక. మడమ మీద రెండుసార్లు చెయ్యి పడ్డాక గానీ కాలు కిందికి పెట్టలేదు.