శెట్టి బిగించిన పెడళ్లు

రెండువేల ఎనిమిదిలో పెద్దసుబ్బయ్య శెట్టి కడపలో బ్యాటరీ బండ్ల అంగడి పెట్టాడు. పెడళ్లున్న చిన్న బండ్లు చిటికెలో అమ్ముడుపోయాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు, సైకిలు కిందే లెక్క. పెడళ్లు లేని పెద్ద బండి మాత్రం మోటారు సైకిలు కింద లెక్క. దాన్ని అడిగిన నాథుడు లేడు, ఓ మూల దుమ్ము తింటోంది.

అప్పుడొచ్చాడు, చిన్నప్పటి నుంచి శెట్టిని వరస కలిపి పిలిచే మాధవరం నేతగాడు ఉమామహేశ్వర. పోలియో కాలు. చీరల మూటతో అడవి బాటన కొండకింది పల్లెలకు పోయి అమ్ముకోవాలి. ఆ బాటలో సైకిళ్లను వదులుతారు, మోటారు బండ్లను వదలరు.

"మామా, ఈ కాలితో శానా దూరం తొక్కలేను. ఆ బాటన పోనిచ్చే బండి ఏదన్నా ఉండాదా?"

శెట్టి బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. చిన్న బండ్లు అయిపోయాయని చెబితే సరిపోయేది కదా! పాత పెడళ్లు తెప్పించి పెద్ద బండికి బిగించాడు. గల్లాపెట్టె ముట్టి ఒట్టేసి మరీ, "ఇది సైకిలే అబ్బీ. నిన్నెవురూ ఆపరు" అన్నాడు. కోమటి గల్లాపెట్టె ముట్టి చెప్పాక ఇంకా అనుమానమా?

నెల తిరక్కముందే అడవి గేటు దగ్గర గార్డు గాబ్రియేలు బండిని, దాని మీదున్న పెళ్లిచీరల మూటను పట్టుకున్నాడు. మామ వచ్చి చెబితే వదిలేస్తారని ఉమామహేశ్వర కబురు పెట్టాడు. శెట్టికి పోక తప్పలేదు.

"సైకిలైతే తొక్కి చూపియ్యప్పా, ఇడిచిపెడ్తా" అని గార్డు బండి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఉమామహేశ్వర ఎక్కి తొక్కాడు. పెడళ్లు గిర్రున తిరిగాయి, చక్రం కదల్లేదు. చెమటలు కక్కుతూ మళ్లీ తొక్కాడు. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని శెట్టికి లోపల ఒకటే పోరు.

"బండిది తప్పు కాదు సార్. నా కాలే పాడుది. మా మామ అబద్ధం చెప్పే మనిషి కాదు."

శెట్టికి తల కొట్టేసినట్లయింది. తను చేసిన పాపం ఆ అవిటికాలి మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు కదా, ఛీ!

"అది మోటారు బండే సార్. ఆ పెడళ్లు ఉత్తవి, నేనే బిగించినా. వానికేం తెలీదు" అన్నాడు నేల చూస్తూ.

గార్డు బండిని ఉంచుకుని మూట ఇచ్చేశాడు. ఆ ఎండలో పల్లె దాకా నడకే.

"నేను మోస్తా, పద అబ్బీ" అంటూ శెట్టి వంగాడు.

ఉమామహేశ్వర మూటను పక్కకు లాక్కున్నాడు.

"ఇవి పెండ్లి చీరలు శెట్టిగారూ. మీరు ముట్టుకోవద్దండి."

బుద్ధెరిగినప్పటి నుంచి అతను మామా అని తప్ప పిలిచింది లేదు.