మూల తిరగని దిండు

గుండ్రటి దిండు తిప్పితే దారపు కండెలన్నీ చిక్కుపడతాయని భయపడి, లేసు అల్లుకోవడానికి మా అమ్మాయి హెలెన్‌కు పొడుగు దిండే కుట్టిచ్చాను. దిండుమీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ కండెల దారాలు మెలివేస్తూ లేసు అల్లుతుంది. చర్చి బల్లగుడ్డ అంచు ఆదివారానికి కావాలి. తీరా గుడ్డ మూలకొచ్చేసరికి అల్లిక పక్కకు తిరిగి, దిండు చివరికొచ్చేసింది.

"ఇటు జాగా లేదు మమ్మీ. గుండ్రందే కావాలి."

తిల్దా బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక గట్టిగా కూరి, బల్లపరుపుగా గుండ్రటి దిండు కుట్టాను. గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గుచ్చుతూ అల్లికను దానిమీదికి మార్చాం. తిప్పేముందు కండెలను చున్నీతో కట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను.

"అరే మమ్మీ, బస్! ఆమెన్ అను. దిండెప్పుడో తిరిగిపోయింది."

కళ్ళు తెరిచాను. ఒక్క కండె కూడా చిక్కుపడలేదు.

"ఇంకా మూడు మూలలున్నాయే తల్లీ!"

"అయితే ప్రార్థన కొంచెం చిన్నది చెయ్యి."