తలుపు దగ్గర ఆగిన వేలు

చివరి ట్రేలో శీలావతి చేపల మీద ఐసు పరిచి, దాన్ని పక్క వరస మీదికెత్తి, బేబీరాణి నడుం నిటారు చేసుకుంది. పొద్దున్నించీ ఐసులో నానిన వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. చీర మీద వేసుకున్న మగవాళ్ల చొక్కాకి చేతులు అద్దుకుంటూ కాటా వైపు నడిచింది. షెడ్డులో అందరూ కేరేజీలు విప్పుకుంటున్నారు. ఆమె మాత్రం కేరేజీతో పాటు ఫోను కూడా పట్టుకెళుతోంది.

కాటా పక్కన స్టూలు మీద శ్రీరంగనాయకులు గారు అప్పటికే సిద్ధంగా కూర్చుని, కుడిచేతి చూపుడువేలు తువ్వాలుతో తుడుచుకుంటున్నారు. అత్తిలిలో తాతల నాటి కిరాణాకొట్టు మూతపడ్డాక, తూకం తప్ప మరో విద్య తెలియక, రోజూ రైల్లో ఆకివీడు వచ్చి ఈ చేపల షెడ్డులో కాటా మీద కూర్చుంటున్నారాయన. పుట్టి బుద్ధెరిగి చేప తిన్న మనిషి కాదు. లారీలకి లారీలు తూస్తారు గానీ ఒక్క చేపనీ వేలితో ముట్టుకోరు. అందుకే మొత్తం షెడ్డులో పొడిగా ఉండే వేలు ఆయనదొక్కటే.

ఆ వేలితోనే బేబీరాణికి పని. ఐసులో మొద్దుబారిన తన వేలు పెడితే ఫోను ఉలకదు, పలకదు. ఉలికినా ఎక్కడికో పోయి ఇంకేదో తెరుచుకుంటుంది. వాళ్లు చదివేది ఇంటర్నెట్టులో బుధవారం బుధవారం వచ్చే దెయ్యాల బొమ్మల కథ. దానికి పేజీలుండవు. వేలితో పైకి జరుపుతూ పోతే కిందినించి బొమ్మ తరవాత బొమ్మ వస్తూ ఉంటుంది. నాయకులు గారు జరుపుతారు, బేబీరాణి చదివి వినిపిస్తుంది. ఆయన కళ్లకి అంత చిన్న అక్షరాలు ఆనవు. దానికి తోడు ఆయనకి దెయ్యాలంటే చచ్చేంత భయం. దెయ్యం వచ్చే బొమ్మ కాస్త అంచు కనబడేసరికి వేలు టక్కున ఆగిపోతుంది. "జరపండి" అంటుంది బేబీరాణి. ఆయన మొహం ఐసు గుట్ట వైపు తిప్పేసుకుని జరుపుతారు. "పోయిందా?" అని అడిగి, పోయిందని ఆమె చెప్పాకే మళ్లీ ఇటు తిరుగుతారు.

"అంత భయమైతే ఎందుకండీ మరి?" అని మొదట్లో అడిగిందామె.

"భయపడ్డానికైనా పక్కన ఒక మనిషుండాలి గదమ్మా. మా తమ్ముడి వాళ్లింట్లో వెనక గది నాది. అక్కడ నేను భయపడ్డా అడిగేవాళ్లు లేరు," అన్నారాయన నవ్వుతూ. భార్య పోయి చాలా ఏళ్లయింది ఆయనకి.

కథ పేరు 'వెనక వాటా'. ఊరికి కొత్తగా వచ్చిన నర్సు ఒకతె, చవగ్గా దొరికిందని ఇల్లు అద్దెకి తీసుకుంటుంది. వెనక వాటాలో ఎవరూ లేరంటాడు ఇంటాయన. కానీ ఆ పిల్ల డ్యూటీకి వెళ్లొచ్చేసరికి, తాగి వదిలేసిన గ్లాసు కడిగి బోర్లించి ఉంటుంది. ఆరేసిన బట్టలు మడతలు పెట్టి ఉంటాయి. పిల్ల హడలి చస్తూ ఉంటుంది పాపం. చదివిన మొదటి వారమే బేబీరాణికి ఆ పిల్ల మీద కోపం వచ్చింది. గిన్నెలు కడిగిపెట్టే దెయ్యం దొరికితే ఎందుకే ఆ ఏడుపు అనుకుంది.

ఆమె పుట్టింది కొల్లేటి లంకల్లో. సర్కారు వాళ్లు సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడు నాన్న చెరువూ పోయింది, మనుషులు తలో దిక్కూ అయ్యారు. పెదపాడు దగ్గర చెరువులకి కాపలా ఉండే మనిషితో పెళ్లయింది. పచ్చకామెర్లొచ్చి అతను తొందరగానే పోయాడు. పిల్లల్లేరు. అప్పట్నించీ ఆకివీడులో ఒంటిగది, ఈ షెడ్డు. పొద్దున్నే టీ తాగి గ్లాసు ఎక్కడ పెడితే సాయంత్రానికి అక్కడే ఉంటుంది. ఎక్కడ వదిలిన జోడు అక్కడే. వెళ్లేటప్పుడు దుప్పటి మీద ఉన్న ముడత, వచ్చేటప్పటికీ అదే ముడత. ఒక్కోసారి తాళం తీసి లోపలికి వెళ్లాలంటే ఆమెకి కాళ్లు రావు. దెయ్యమైనా ఫరవాలేదు, ఎవరో ఒకరు కదిలితే బాగుండుననిపిస్తుంది.

ఫోను, అందులో కథలూ అన్నయ్య కూతురు దుర్గాదేవి ఇచ్చినవి. కొత్తది కొనుక్కుని పాతది మేనత్త చేతిలో పెట్టింది. ఇంటికెళ్లి చేతులు ఆరాక ఫోను బేబీరాణి మాట శుభ్రంగా వింటుంది. అయినా ఆమె ఇంట్లో ఒక్క బొమ్మ కూడా చూడదు. బుధవారం పొద్దున్నే కొత్త భాగం వచ్చిందని ఫోను టింగుమన్నా తెరవదు. మధ్యాహ్నం దాకా దాచుకుంటుంది.

ఇవాళ బుధవారమే.

"దెయ్యాల పారాయణం మొదలైందండోయ్," అన్నాడు సూపర్‌వైజరు మధుబాబు, లారీ డ్రైవరుకి టీ ఇస్తూ. అందరూ నవ్వారు. నాయకులు గారు కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఐసు పక్కన కూర్చున్న మనిషికి నుదుటి మీద చెమట పట్టి ఉంది.

కథలో నర్సు ఇవాళ తెగించింది. వెనక వాటా తాళం బద్దలుకొట్టింది. వసారాలో నడుస్తోంది. గోడ మీద నీడ. ఎవరో లోపల కూనిరాగం తీస్తున్నారు. తలుపు గడియ మీద చెయ్యి వేసింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆ సందులోంచి సన్నగా వెలుతురు.

వేలు ఆగిపోయింది.

"జరపండి."

వేలు కదల్లేదు. ఆయన ఐసు గుట్ట వైపు తిరగనూ లేదు. ఆ తలుపు సందునే చూస్తున్నారు.

"నాయకులు గారూ, ఒక్క బొమ్మేనండీ. అటు తిరిగి జరిపెయ్యండి."

"ఆ ఒక్క బొమ్మకీ ఇవాళ ధైర్యం చాలటం లేదమ్మా. పొద్దుట్నించీ గుండెల్లో మంట, గేసు పట్టినట్టుంది. రేపు చూద్దాం. నువ్వు మాత్రం చూసెయ్యకు."

"నేనెందుకు చూస్తానండీ."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచారు. ముందు రైలుకే వెళ్లిపోతానని మధుబాబుతో చెప్పారు. "స్టేషను దాకా రానా?" అంది బేబీరాణి. "లోడు ఉంది గదా, చూసుకో," అన్నారాయన. గేటు దగ్గర ఆగి చెయ్యెత్తారు. ఆమె చేతిలో అప్పటికే పార ఉంది. తిరిగి చెయ్యెత్తలేకపోయింది.

మధ్యాహ్నమంతా బొచ్చెలు, గడ్డిచేపలు. ఐసు పరచడం, చేప పేర్చడం, మళ్లీ ఐసు. కాటా మీద ఎవరో కొత్తవాడు నిలబడి తప్పులు చదువుతుంటే మధుబాబు కేకలేస్తున్నాడు. బేబీరాణికి ఆ తలుపు సందే కళ్లముందుంది. లోపల కూనిరాగం తీసేది ఎవరైతేనేం, నర్సు వెళ్లి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. రేపు ఆయనతో ఆ మాట చెప్పి నవ్వించాలనుకుంది.

లారీ తలుపు వేసేవేళకి మధుబాబు ఫోను మోగింది. అతను అవతలివాళ్ల మాట విన్నాడు, "ఆఁ, మా మనిషేనండి" అన్నాడు, స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"అక్కా, నాయకులు గారు పోయారు. ప్లాట్‌ఫారం మీద బల్ల మీద కూర్చున్నారంట. రైలొచ్చినా లేవలేదంట. నిద్రపోతున్నారనుకున్నారంట."

బేబీరాణి చేతిలో ఉన్న ఐసు ముక్క ఎక్కడ పడెయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది. వెళ్లాల్సింది, పార పడేసి ఆయన వెంట వెళ్లాల్సింది అనుకుంది. ఏడుపు వచ్చింది. తడి చేతులతోనే మొహం తుడుచుకుంది.

"వాళ్ల తమ్ముడు వస్తున్నాడు. డ్రాయరులో ఆయన సామానుంటే తీసిపెట్టక్కా. నాకు చేతులాడట్లేదు," అన్నాడు మధుబాబు.

డ్రాయరులో ఆయన కళ్లజోడు, వక్కపొడి డబ్బీ, మడత పెట్టిన తువ్వాలు ఇంకోటి ఉన్నాయి. తువ్వాలు కింద, విప్పని ప్లాస్టిక్ కవరులో, నల్లటి పెన్ను ఒకటి. దాని మొన రబ్బరుది. కవరు మీద తాడేపల్లిగూడెం సెల్‌ఫోన్ల కొట్టు పేరున్న కాగితం వెలిసిపోయింది.

"ఇది రాసే పెన్ను కాదేమిటి బాబూ?"

మధుబాబు లేచి వచ్చి చూశాడు. "ఫోను మీద జరిపే పెన్నక్కా ఇది. దసరాకి గూడెం పెళ్లికెళ్లినప్పుడు కొన్నారు. తడి చేతులవాళ్లు ఫోను వాడుకోడానికి ఏమైనా ఉంటుందా బాబూ అని నన్నడిగితే, నేనే చెప్పాను. అదేంటి, నీకివ్వలేదా?"

ఇప్పుడు ఎండాకాలం నడుస్తోంది. ఇన్నాళ్లూ ప్రతి బుధవారం ఆయన ఈ డ్రాయరు పక్కనే కూర్చుని, భయంతో మొహం తిప్పుకుంటూ, వేలితో జరిపారు. ఎందుకివ్వలేదో ఆమె ఎవరినీ అడగక్కర్లేకపోయింది. మిగతావన్నీ సంచిలో వేసి తమ్ముడి కోసం పక్కన పెట్టింది. పెన్ను మాత్రం చొక్కా జేబులో వేసుకుంది. మధుబాబు చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

ఇంటికెళ్లి స్నానం చేసింది. చేతులు ఆరాయి. ఫోను తెరిస్తే ఆ తలుపు అక్కడే, బెత్తెడు తెరిచి, ఆయన వేలు ఆపిన చోటే ఉంది. కిందికి ఒక్క బొమ్మ. చూడనని మాటిచ్చింది గనక ఫోను బోర్లించింది.

తరవాత పెన్ను తీసి, గూట్లో టీ గ్లాసు పక్కన, బాగా అంచుకి పెట్టింది. ఎవరైనా వచ్చి ముట్టుకుంటే, కాస్త కదిలినా కిందపడి చప్పుడు కావాలని. తలుపు గడియ కూడా పెట్టలేదు. ఆ పక్కకే తిరిగి పడుకుంది.

తెల్లారి లేచి చూస్తే, కవరు విప్పని పెన్ను గూటి అంచున, పెట్టిన చోటే ఉంది.