పదకొండు నంబరు సూది

నాలుగో ప్లగ్గు కదల్లేదు. దర్జీ పానాను రెండు చేతులా పట్టుకొని, ముఖం పక్కకు తిప్పుకొని లాగాడు. ముఖం తిప్పుకున్నది వాసన భరించలేక. బానెట్ కింద ఏదో ఎలుక కాపురం పెట్టి, పిల్లల్ని కని, అక్కడే చచ్చింది. గూడు పొద్దున్నే పుల్లతో తీసి పారేశాడు గాని, వాసన మాత్రం ఇల్లు ఖాళీ చెయ్యలేదు. పానా జారి వేలి కణుపు ఇనుముకు గీసుకుంది. రక్తమూ నల్లటి జిడ్డూ కలిసి అరచేతిలోకి కారాయి.

ఇరవై ఆరేళ్లుగా బడిపిల్లలకు తెల్లచొక్కాలు కుడుతున్నవాడతను. గుడ్డ ముట్టుకునే ముందు మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుంటాడు. అలాంటివాడి పెరట్లో పదకొండు నెలలుగా ఈ పాతకాలపు పెట్రోలు లారీ తిష్ఠ వేసింది. ముందుగదిలో దాని యజమాని, అతని బావ, తిష్ఠ వేశాడు. ఊపిరితిత్తులు చెడి ఆయన మంచాన పడితే, నెల రోజులే తమ్ముడూ అని అక్క ఆ లారీలోనే ఇక్కడికి తీసుకొచ్చింది. వచ్చిన నాటినుంచీ అది మళ్లీ కదల్లేదు. కుట్టుమిషను వంటగదిలోకి పోయింది. ముందుగది కిటికీ పక్కన మంచం వెలిసింది, మంచం కింద ఉమ్మిగిన్నె. తెల్లవారిందంటే ఆ దగ్గు, ఆ గిన్నె మూత చప్పుడు. వినీ వినీ దర్జీకి నోట్లో ముద్ద దిగడం మానేసింది.

బావది మొండిపట్టు. ఇంకొకరి బండి ఎక్కడట, ఎవరి భుజం మీదా వెళ్లడట. "ఆరు సిలిండర్లూ పలికిన రోజున నా బండిలోనే మా ఇంటికి వెళ్తా. అంతవరకూ కదిలేది లేదు" అన్నాడు. ఇద్దరు మెకానిక్కులు వచ్చి, కిటికీలోంచి ఆయన పెట్టే వంకలు పడలేక ఒక దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఇక లాభం లేదని దర్జీయే మెకానిక్కయ్యాడు. లారీ మీద ప్రేమ లేదు, బావ మీద అంతకన్నా లేదు. ఆయన కేకలు వింటూనే పెట్రోలు గొట్టం కడిగాడు, బ్యాటరీ మార్చాడు. ఇక మిగిలినవి ప్లగ్గులే. అవి కూడా పలికితే సాయంత్రానికి తన ముందుగది తనకు దక్కుతుంది.

పొద్దున బావ ఒక్కటే మాట గట్టిగా చెప్పాడు. ఒక వైరు ఊడదీసి, దాని కింది ప్లగ్గు మార్చి, ఆ వైరు మళ్లీ తగిలించాకే రెండోది ముట్టుకోవాలని. దర్జీ తలూపాడు. తీరా ఆ జిడ్డులో అన్నిసార్లు చెయ్యి పెట్టాలంటే రోత పుట్టి, ఆరు వైర్లూ రెండు చివరలా పీకేశాడు. వాటిని గుడ్డతో తుడిచి, పొడుగు వారీగా గోడ మీద పేర్చాడు కూడా.

నాలుగోది చివరికి కీచుమంటూ ఊడింది. మసి గడ్డకట్టి పుచ్చిపోయిన పన్నులా ఉంది. మిగతా రెండూ అంతే. కొత్త ప్లగ్గుల కొసన సందు సరిచూడ్డానికి బావ రంపం బ్లేడు దూర్చేవాడు. దర్జీ దగ్గర రంపం లేదు. మిషనుకు వాడే పదకొండు నంబరు సూది దూర్చి చూశాడు. ఆరింటిలోనూ సూది అటూ ఇటూ తగిలీ తగలనట్టు పట్టింది.

అన్నీ బిగించాక వైర్లు చేతిలోకి తీసుకున్నాడు. వైర్లు చేరే నల్ల మూతకు చుట్టూ ఆరు రంధ్రాలున్నాయి. ఏ వైరు ఎందులోదో తెలియలేదు. ఒకటి, రెండు, మూడు అని వరసగా తగిలించి తాళం తిప్పాడు. లారీ ఢామ్మని పేలి, నల్లటి పొగను తీగ మీద ఆరుతున్న డజను తెల్లచొక్కాల మీద కక్కింది. ఇంకోలా మార్చి చూశాడు. మళ్లీ కక్కింది. అక్క బయటికొచ్చి చొక్కాలు తీసుకొని వెళ్లిపోయింది. కిటికీలోంచి దగ్గు తప్ప మాట లేదు. తిట్టినా బాగుండేది.

లోపలికి వెళ్లి అడగాలి. పదహారేళ్లప్పుడు ఈ లారీ మీదే క్లీనరుగా పెట్టుకోమని బావను అడిగాడు. బావ అతని చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి సూదికి పనికొచ్చే చేతులని తేల్చి, దర్జీ కొట్లో కూర్చోబెట్టి వెళ్లాడు. అప్పటినుంచీ ఆయన నోట అతను సూదిగాడే. ఆ తర్వాత ఆయన్ని ఏదీ అడిగి ఎరగడు.

చేసిన పని తలవంచుకొని చెప్పాడు. బావ నవ్వబోయాడు, నవ్వు దగ్గులోకి దిగింది. అక్క వంటగదిలో ఉంది. గిన్నె పట్టేవాళ్లు లేక దర్జీ తనే కళ్లు మూసుకొని పట్టాడు.

"మూత మీద గీత గీశాను. అది ఒకటో ప్లగ్గుది" అన్నాడు బావ, ఊపిరి కోసం ఆగి ఆగి. "అక్కణ్ణుంచి గడియారం తిరిగినట్టు పో. ఒకటి, అయిదు, మూడు. ఆరు, రెండు, నాలుగు. సందు ఎంత పెట్టావురా సూదీ?"

"పదకొండు నంబరు సూదంత."

"ఏదీ, చూపించు."

దర్జీ చొక్కా అంచుకు గుచ్చుకున్న సూదిని తీసి ఇచ్చాడు. బావ దాన్ని రెండు వేళ్ల మధ్య దొర్లిస్తూ చాలాసేపు చూశాడు.

"బ్లేడు కన్నా నయం. నిన్ను అప్పుడు బండెక్కించుకోవాల్సింది."

ఇరవై ఆరేళ్లకా ఈ మాట అని దర్జీకి ఒళ్లు మండిపోయింది. సూది తిరిగి అడక్కుండానే బయటికి వచ్చేశాడు.

గీత దొరికింది. అంకెలు పైకే చదువుకుంటూ ఒక్కొక్క వైరూ తగిలించి, తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గి, అందుకుంది. ఆరూ పలికాయి. పొడవాటి కుట్టు ఎక్కడా తెగకుండా సాగిపోతున్నట్టుంది ఆ చప్పుడు. ముఖాన మసితో దర్జీ తనకు తెలియకుండానే నవ్వాడు.

"బావా, విన్నావా?"

కిటికీలోంచి దగ్గు కూడా రాలేదు. కాసేపటికి అక్క గడపలోకి వచ్చి నిలబడింది.

"విన్నాడు తమ్ముడూ. ఆరూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇక ఊపిరి లేదు. ఆపెయ్."

ముందుగది ఖాళీ అయిందన్న సంగతే దర్జీకి మొదట తట్టింది. ఎలుక కంపునూ ఉమ్మిగిన్నెనూ కూడా అతను అంతగా అసహ్యించుకోలేదు, ఆ ఆలోచన వచ్చినందుకు తనను తాను అసహ్యించుకున్నంతగా. ఇంజను ఆపి, చేతులు కడుక్కోకుండానే లోపలికి వెళ్లాడు. గిన్నెకు మూత పెట్టి బయటికి చేరవేశాడు. చొక్కాల కోసం దాచిన తెల్లగుడ్డ తెచ్చి, మడత విప్పి, బావ మీద కప్పడానికి వంగాడు. గుడ్డ అంచున అతని నల్లటి వేలిముద్రలు పడ్డాయి.

బావ తల పక్కన దిండు అంచుకు, దర్జీలు గుచ్చుకున్నట్టే, జారిపోకుండా రెండుచోట్ల పొడిచి, గుచ్చి ఉంది పదకొండు నంబరు సూది.