మొక్కు జుట్టు

కరీముల్లా బెల్‌బాటమ్ ప్యాంటు వేసుకుని ఉదయగిరి బస్టాండులో దిగిన రోజు, టీ అంగడి బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడి మరీ చూశారు. ఇరవై ఏళ్ళవాడు. ప్యాంటు కింది అంచు ఎంత వెడల్పంటే, వాడు నడుస్తుంటే బజారు దుమ్మంతా వాడే ఊడ్చుకుంటూ పోతున్నాడు. చొక్కా కాలరు భుజాల దాకా పరుచుకుని ఉంది. అదంతా ఒక ఎత్తు, జుట్టు ఒక ఎత్తు. చెవులు కప్పేసి, మెడ దాటి, భుజాల మీద ఉంగరాలు తిరిగి పడుతున్న జుట్టు! అది డెబ్బై ఏడో సంవత్సరం. నెల్లూరులో అలాంటి కుర్రాళ్ళు వీధికి పదిమంది ఉంటే ఉండొచ్చు గానీ, ఉదయగిరి కొండ కింద వాడొక్కడే.

"ఏందిరా ఆ అవతారం?" అంటే "ఫ్యాషన్ మామా" అనేవాడు. "ఫ్యాషన్ కూడు పెడతాదంట్రా?" అంటే "కూడు ఎవురన్నా పెడతారు మామా, ఈ కులుకు ఎవురు పెడతారు?" అని నవ్వేవాడు. పని ఆత్మకూరులో, ఒక మైకుసెట్టు అంగట్లో. పెళ్ళిళ్ళకి లౌడ్‌స్పీకర్ గొట్టాలు కట్టడం, రికార్డులు వేయడం, ఊరేగింపు కదిలిందంటే దాని ముందు ఒళ్ళు మరిచి ఎగరడం. జేబులో ఏమన్నా ఉంటే పదిమందికి టీ తాగించేవాడు. లేకపోతే ఆ పదిమందిలో ఎవడో ఒకడు తనకి తాగిస్తాడులే అనుకునేవాడు. రేపటి సంగతేందిరా అని అడిగితే రేపు చెప్తాననేవాడు. అలాంటివాణ్ణి చూస్తే లోకంలో కొందరికి ముద్దు, కొందరికి మంట. వాళ్ళ నాయన మదార్ సాహెబ్‌కి మంట.

మదార్ సాహెబ్ కర్ర గరిటెలు, చెంచాలు చెక్కే మనిషి. బాడిస పట్టుకుని కూర్చున్నాడంటే పొద్దుగూకేదాకా తల ఎత్తడు. చెక్కిన చెంచాలో వేలికి గరుకు తగలకూడదు అతనికి, కొడుకులోనూ తగలకూడదు. మసీదు దగ్గర పెద్దమనుషులు "మీవోడు ఆడా, మొగా?" అని పరాచికాలాడిన రోజు ఇంటికొచ్చి అన్నం మీద అలిగేవాడు. పాపం, అలిగి ఎవరిని సాధించాడు? ఆ కొడుకు వచ్చి అదే కంచంలో చెయ్యి పెట్టి తినేసేవాడు.

ఈ ఇద్దరి నడుమ నలిగిపోయింది సుగ్రాబీ, కరీముల్లా అక్క. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్ళు, ఈమెకి పన్నెండు. చంకన వేసుకుని తిరిగి పెంచింది. పెళ్ళయ్యాక కూడా పక్క వీధిలోనే కాపురం. మొగుడు లాల్ బాషా బస్సు డ్రైవరు. తొమ్మిదేళ్ళయినా కడుపు పండలేదు. అందుకని ఆమెకి తమ్ముడన్నా వాడే, బిడ్డన్నా వాడే. వాడు ఆత్మకూరు నుంచి వచ్చినప్పుడల్లా నూనె గిన్నె దగ్గర పెట్టుకుని ఆ జుట్టు చిక్కు తీసేది. తిట్టుకుంటూనే తీసేది. నిజం చెప్పాలంటే ఆ జుట్టంటే ఆమెకి లోలోపల ఎంత గర్వమో! ఊళ్ళో ఆడపిల్లలకైనా అంత ఒత్తు లేదు మరి.

ఒక శుక్రవారం నమాజు నుంచి వస్తూ వస్తూ మదార్ సాహెబ్ క్షౌరం చేసే వెంగయ్యని వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకాల అన్న కొడుకులు ఇద్దరు.

"పట్టుకోండ్రా వాణ్ణి. ఈ పొద్దు వాడి జుట్టన్నా ఉండాల, నేనన్నా ఉండాల."

వాళ్ళు రెక్కలు విరిచి పట్టుకున్నప్పుడు కరీముల్లా నవ్వులాటే అనుకున్నాడు. వెంగయ్య పెట్టె తెరిచి కత్తి తీశాక వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వొద్దు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా, వొద్దు నాయనా" అని చిన్నపిల్లాడిలా కేకలు పెట్టాడు. వంటింట్లోంచి సుగ్రాబీ పరుగెత్తుకొచ్చింది. ఆలోచించడానికి టైమెక్కడిది? నోటికి ఏదొస్తే అది అనేసింది.

"ముట్టుకోబాక వెంగయ్యా! అది మొక్కు జుట్టు. పేట స్వామికి మొక్కుండాను నేను!"

అంతే. అనుమసముద్రంపేట దర్గా మాట వినగానే వెంగయ్య కత్తి మడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ చుట్టుపక్కల ఏ కులమైనా, ఏ మతమైనా పేటకి ముడుపు కట్టని ఇల్లు లేదు. స్వామికని చెప్పిన జుట్టు మీద వేళకి ముందే కత్తి పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. పట్టుకున్నవాళ్ళు కూడా చేతులు వదిలేసి వెనక్కి జరిగారు.

"ఏమని మొక్కినావు?" అన్నాడు మదార్ సాహెబ్, కూతురి ముఖంలోకి చూస్తూ.

"నాకు బిడ్డ నిలిస్తే... వచ్చే గంధం పండక్కి వీడి తల నీలాలు ఇస్తానని."

పిల్లల్లేని కూతురు ఆ మాటంటే ఏ తండ్రి తిరిగి మాట్లాడతాడు? కండువా దులుపుకుని వెళ్ళి బాడిస ముందు కూర్చున్నాడు. ఆయన అటు తిరగ్గానే అక్కాతమ్ముళ్ళు పెరట్లోకి పోయి, నోట్లో కొంగు ఒకరు, చొక్కా ఒకరు కుక్కుకుని నవ్వారు. సుగ్రాబీ తన బతుకులో అంతలా నవ్వింది అదే ఆఖరు.

ఆ తర్వాత వాడిదే రాజ్యం. జుట్టుకి లైసెన్సు దొరికింది! మసీదు దగ్గర ఒక్కడూ నోరెత్తడు. బస్సులో ముసలమ్మలు ఆ జుట్టు తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. వాడు ఆశీర్వాదం ఇచ్చేవాడు కూడా, దొంగవెధవ! ఆత్మకూరులో ఒక పెళ్ళి ఊరేగింపులో వాడి ఆట చూసి నెల్లూరు ఆర్కెస్ట్రా జనార్దనయ్య బస ఎక్కడో కనుక్కుని మరీ వచ్చాడు. మద్రాసు, బెంగుళూరు తిప్పుతాను, స్టేజీ మీద నువ్వు నిలబడితే చాలు, ఈ జుట్టూ ఈ దర్జా ఇట్టాగే ఉండాల అన్నాడు. బయల్దేరడం గంధం అయిన మూడో రోజు.

ఈ లోపల సుగ్రాబీకి నెల తప్పింది.

తొమ్మిదేళ్ళుగా లేనిది, ఆ మాట నోరు జారిన నాలుగు నెలలకి! కరీముల్లా ఇంట్లోకి చిందులేస్తూ వచ్చి "చూసినావా అక్కా, నీ అబద్ధం స్వామి నిజం చేసినాడు!" అని ఆమెని గిరగిరా తిప్పబోయాడు. ఆమె నవ్వలేకపోయింది. అబద్ధం చెప్పి తీసుకున్న బిడ్డ ఇది. మాట తప్పితే ఊరుకుంటాడా స్వామి? ఈ భయం మొగుడికి చెప్పలేదు. తమ్ముడికి చెబితే నవ్వుతాడని వాడికీ చెప్పలేదు. 

గంధం ఇంకో వారం ఉందనగా కరీముల్లా వచ్చాడు. "అక్కా, నువ్వు చెప్పిన అబద్ధమే గదా, నువ్వే నాయనకి నిజం చెప్పెయ్. నేను చెప్తే నమ్మడు. నాకింక మళ్ళా ఇట్టాంటి అవకాశం రాదు."

"గంధం నాడు పేటకి రా. నీ ఎదురుగానే చెప్తాను. నలుగురిలో అయితే నాయన కొట్టడు" అంది.

అన్నప్పుడు నిజంగా చెప్పాలనే అనుకుంది. అది మాత్రం అబద్ధం కాదు. కానీ రెండు రోజులకి బట్టకి కొద్దిగా ఎర్ర కనిపించింది. నర్సు ఎస్తేరమ్మ వచ్చి చూసి "నెత్తిన బిందె పెట్టబాక, మంచం దిగబాక. నిలిచేది నిలవనిది దేవుడి చేతిలో ఉండాది" అంది. ఆ దేవుడితోనే కదా తాను పేచీ పెట్టుకుంది! సుగ్రాబీ మంచం మీద ఒత్తిగిలి గోడ వైపు తిరిగి పడుకుంది. లేచేసరికి మొక్కు తీర్చాలనే నిర్ణయం అయిపోయింది. తమ్ముడికి మాత్రం కబురు చేయలేదు. కబురు చేస్తే రాడు గదా అనుకుంది. ఎంత మాట అనుకుందో ఆమెకి అప్పుడు తెలియలేదు.

గంధం పొద్దున ఎద్దుబండిలో పరుపు వేసి ఆమెని పేటకి తీసుకుపోయారు. ఎంత జనం! సాంబ్రాణి పొగలో మనిషికి మనిషి కనపడడం లేదు. కరీముల్లా ఆత్మకూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎగురుకుంటూ వచ్చాడు. వెంగయ్యని చూసి "ఈ తూరి గూడా నీ కత్తి మడుచుకోవాల్సిందే మామా" అన్నాడు. వెంగయ్య అయోమయంగా నవ్వాడు.

"ఊఁ, కూర్చోరా" అన్నాడు మదార్ సాహెబ్. ఆయన ముఖం ఆ రోజు వెలిగిపోతోంది.

"అక్కా, చెప్పు."

సుగ్రాబీ నేల వైపు చూసింది.

"అక్కా! చెప్పక్కా నాయనకి!"

"కూర్చోరా" అంది ఆమె. పరుపు మీంచి లేచి వచ్చి, రెండు చేతులూ వాడి భుజాల మీద వేసి కిందికి నొక్కింది.

వాడు గింజుకుంటాడనుకుంది. గింజుకుని పారిపోతే స్వామికి తన తప్పు లేదని చెప్పుకుందామని కూడా ఒక మూల ఆశ. ఊరేగింపుల్లో ఎగిరిన ఆ ఒంటితో వాడు దూకితే పట్టుకునేవాడు ఎవడున్నాడు అక్కడ? వాడు దూకలేదు. ఒక్కసారి అక్క ముఖం చూసి బుద్ధిగా కూర్చున్నాడు. వెంగయ్య నీళ్ళతో తడిపి గొరుగుతుంటే కళ్ళు మూసుకోనైనా లేదు. ఉంగరాలు ఉంగరాలుగా జుట్టు వచ్చి ఆమె చీర మీద పడింది. బోడిగుండుతో లేచి నిలబడితే వాడు ఎవరో వేరే మనిషి. "ఇప్పుడు మనిషివైనావురా" అని తండ్రి వీపు తట్టాడు.

బిడ్డ నిలిచాడు. పండులాంటి కొడుకు. స్వామి పేరు కలిసొచ్చేట్టు రసూల్ అని పెట్టుకున్నారు.

కరీముల్లా మద్రాసు పోలేదు. ఆత్మకూరు పని కూడా మానేశాడు. వచ్చి తండ్రి పక్కన కూర్చుని బాడిస పట్టాడు. వేలికి గరుకు తగలని చెంచాలు చెక్కడం ఏడాదిలో నేర్చాడు. జుట్టు నాలుగు వేళ్ళు పెరిగిందంటే తనే వెంగయ్య దగ్గరికి పోయి తల వంచేవాడు. ఊరంతా మెచ్చుకుంది. మదార్ సాహెబ్ మొదట్లో మురిసిపోయాడు. పోనుపోను కొడుకు మౌనం చూసి ఆయనకే భయం వేసింది. ఒకరోజు ఉండబట్టలేక "ఏదన్నా పాట పాడరా అబ్బయ్యా" అన్నాడు. "పని కాలేదు నాయనా" అన్నాడు వాడు. ఆ మాట తలుచుకుని తలుచుకుని ఆయన ఎనభై రెండో సంవత్సరంలో పోయాడు.

ఎనభై అయిదు వచ్చేసరికి ఉదయగిరిలో ఎవడి తల చూసినా జుట్టు చెవుల మీదే. ఇంటింటా టేప్‌రికార్డరు, వీధివీధినా డిస్కో. పెద్దమనుషుల కొడుకులే బిగుతు ప్యాంట్లేసుకుని మసీదు ముందు నిలబడుతున్నారు. తిరిగి చూసేవాడు లేడు. దీనికోసమా ఆనాడు అంత రభస చేసింది అని సుగ్రాబీ రగిలిపోయేది. ఎవరిని తిడుతుంది?

ఒక మధ్యాహ్నం అన్నం క్యారియరు తీసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. ఏడేళ్ళుగా దాచుకున్న మాట ఆ రోజు ఎందుకో ఆగలేదు.

"నీ జుట్టు పోగొట్టి నీ బతుకు పోగొట్టినాన్రా. ఆ జనార్దనయ్య జుట్టు లేనోడివి పనికిరావన్నాడా?"

"ఎవురన్నారు?" కరీముల్లా ఆకురాయితో చెంచా రుద్దుతూనే ఉన్నాడు. "గుండైన వారానికే మనిషిని పంపినాడు. జుట్టు లేకపోతే విగ్గు పెడతా రమ్మన్నాడు."

సుగ్రాబీ క్యారియరు పక్కకి నెట్టింది. "మరి పోలేదేందిరా?"

"కాళ్ళు ఆడలేదక్కా."

ఆమె ఏడుపు ఆపుకోలేక అంతా చెప్పేసింది. ఎర్ర కనిపించడం, ఎస్తేరమ్మ మాట, స్వామికి అబద్ధం చెప్పి బిడ్డని తీసుకున్నానన్న భయం, అన్నీ. "భయపడినాన్రా. బిడ్డ దక్కడేమోనని భయపడినాను. నీకు చెప్తే రావనుకున్నాను."

ఆకురాయి ఆగింది. వాడు ఆమె వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు నిండకముందే వాడి కళ్ళ కింద ముడతలు.

"ఆ ఒక్క మాట చెప్పుంటే నేనే పోయి కూర్చునుందును గదక్కా. నీ బిడ్డ కంటే ఎక్కువా నా జుట్టు? ఏడాది రెండేళ్ళుంటే వస్తాది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకురా ఇట్టా ఉండావు?"

"ఊరంతా నన్ను చూసి సిగ్గుపడినా నువ్వు పడవనుకున్నా. నువ్వు భుజాలు పట్టి నొక్కినావు గదా ఆ పొద్దు... నువ్వు గూడా సిగ్గుపడతుండావనుకున్నా. అంతే" అన్నాడు కరీముల్లా. వాడి గొంతులో కోపం లేదు. సుగ్రాబీ చేతులు చాచబోయి, ఆ చేతులే కదా అని గుర్తొచ్చి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.